పక్కపక్కన నిలవాల్సిన పేర్లు

పోయిన నెల వనపర్తి నుంచి చాచీ ఫోన్ చేసింది. చాచీ అంటే, నేను ఏడేండ్లు పనిచేసిన కార్డుల ప్రెస్సు నడిపిన ఖాదర్ చిచ్చా ఇల్లాలు. చిచ్చా పోయి అప్పటికి నెల దాటింది. "బేటీ, నలభై దినాల ఫాతిహా దగ్గర్కొచ్చింది. చుట్టాలు తలా ఒక ఊర్ల ఉన్నరు. కార్డులు కొట్టెటాయనే పాయె. ఫోన్లల్ల పంపెటట్టు నువ్వు ఏందో చేస్తవంట గద, జర వచ్చి చేసిపో" అంది. నాగర్‌కర్నూలులో చేతిలో ఉన్న పనులు పక్కన పెట్టి, మరునాడు పొద్దున్నే బస్సెక్కాను.

ప్రెస్సు షట్టరు సగానికే లేచింది. వంగి లోపలికి అడుగు పెట్టేసరికి పాత వాసన ఎదురొచ్చింది. సిరా, గాసునూనె, చెమ్మ పట్టిన కాగితం. అచ్చు మిషను అమ్మేశారట, అది ఉన్నచోట నేల మీద నాలుగు నల్లటి మచ్చలు మిగిలాయి. కంప్యూటరు బల్ల మీద చాచీ ఎండిన బట్టలు మడిచి పెట్టుకుంది. బల్ల ముందు నా స్టూలు మాత్రం అలాగే ఉంది. నేను పొట్టిదాన్నని చిచ్చా దాని మీద పాత కేలెండర్ల కట్ట పరిచి, పైన గోనెపట్టా కుట్టించాడు. ఇప్పుడా గోనె చినిగి లోపలి నుంచి ఏదో సంవత్సరం ఏదో నెల తొంగి చూస్తోంది. నేను ప్రెస్సు వదిలిన రోజు చిచ్చా ఒక మాట అన్నాడు. "స్టూలు ఎవ్వరికీ ఇయ్య. మూడు నెలలు చూస్త. నీకై నువ్వే వచ్చి కూసుంటవ్." నేను రాలేదు. రాకుండా ఉండటానికి ఎంత పట్టు పట్టవలసి వచ్చిందో ఆ స్టూలుకు తెలియదు.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. అమ్మా నాయనా పుణె దిక్కు మట్టిపనికి పోయి ఏడాదికి ఒకసారి వచ్చేవాళ్లు. నేనూ అవ్వా, అంటే మా నాయనకు అమ్మ, వనపర్తిలో ప్రెస్సు వెనక సందులో ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. తెల్లవారక ముందే అవ్వ జొన్నరొట్టె చరిచే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. ఎల్లిగడ్డ కారం నూరిన రోలు కడగకుండా, ఆ రోట్లోనే వేడి రొట్టె ముక్క తిప్పి నా నోట్లో పెట్టేది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. కానీ ఇంటికి ఏ పెండ్లి కార్డు వచ్చినా బొటనవేలితో తడిమి, "ఉబ్బుగ కొట్టిండ్రు, ఉన్నోళ్లే" అని చెప్పేది. నేను పరీక్ష తప్పి మూలకు కూర్చుంటే చేయి పట్టుకుని ప్రెస్సుకు తీసుకుపోయింది. "భయ్యా, దీనికి లెక్కలు రావు గాని చేతులు మంచిగున్నయి. కార్డులు మడతవెట్టనీకె పెట్టుకో" అంది. అలా మడతలతో మొదలై, పసుపు అద్దడం, కవర్లు అతికించడం దాటి, రెండేండ్లకు కంప్యూటరు ముందు స్టూలెక్కాను. అంచు గీతలు, పూలతీగలు, పేర్లు ఏ లావున ఉండాలి, ఏ రంగు పక్కన ఏ రంగు కూర్చుంటుంది, అన్నీ చిచ్చా దగ్గరే నేర్చుకున్నాను.

చిచ్చాకు ఒక అలవాటు ఉండేది. ఏ పెండ్లి కార్డయినా అచ్చుకు పోకముందు పిల్ల తరపు పెద్దమనిషిని, పిల్లగాని తరపు పెద్దమనిషిని పిలిపించి, బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టేవాడు. ఇలాచీ చాయ్ ఇప్పించేవాడు. తర్వాత నిలబడి కార్డులో పేర్లన్నీ గట్టిగా చదివేవాడు. ఎడమ దిక్కు పిల్ల తరపు వాళ్లు, కుడి దిక్కు పిల్లగాని తరపు వాళ్లు. రెండు వరుసలూ ఒకే గీత మీద మొదలవ్వాలి, ఒకే గీత మీద ముగియాలి. ఒక దిక్కు ఆరు పేర్లుండి ఇంకో దిక్కు నాలుగే ఉంటే, ఆ నాలుగింటి మధ్య ఎడం పెంచి కిందికి సమానంగా దించేవాడు. తెర మీద స్టీలు స్కేలు ఆనించి మరీ చూసేవాడు. "బేటా, పెండ్లి చెడగొట్టనీకె కట్నమే ఉండనవసరం లేదు, అర ఇంచు చాలు" అనేవాడు.

ఒకసారి అంత చదివినా తప్పు పోయింది. పిల్లగాని తాత పోయి ఏడాది అయితే ఆయన పేరు ముందు 'శ్రీ' అని కొట్టాను, 'కీ.శే.' అని ఉండాలి. ఆ రోజు పెద్దమనిషి చెవులు సరిగా వినపడనివాడు, చదివిన ప్రతిదానికీ తలూపాడు. వెయ్యి కార్డులు అచ్చయ్యాక ఆ ఇంటి ముసలమ్మ చూసి ఏడ్చింది. చిన్న చిన్న కాగితం పట్టీలు కొట్టి, మైదా జిగురుతో ఒక్కొక్క కార్డుకూ అతికించాం. నేను, చిచ్చా, అవ్వ, చాచీ, ఆ ఇంటి వాళ్లు నలుగురు. రెండు పగళ్లు పట్టింది. అవ్వ అతికిస్తూ, "పోయినాయనను మల్ల మల్ల సంపుతున్నం గదనే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అచ్చయిన తప్పుకు మందు లేదన్నది అప్పుడు నా ఒంటికి పట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నెట్ సెంటర్లో ఒకతను తన వెబ్ పేజీలో తప్పు పడ్డ ఫోన్ నంబరు దిద్దడం చూశాను. ఒక్క అంకె మార్చి, మీట నొక్కాడు. అంతే. ఎక్కడెక్కడ ఎవరు చూస్తున్నా అందరికీ మారిపోయింది. నేను అతని కుర్చీ వెనకే నిలబడిపోయాను. మైదా జిగురు లేదు, పట్టీలు లేవు. ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస.

వెబ్ పేజీలు చేయడం నేర్పేవాళ్లు ఎవరూ లేరు. ఫోన్లో పాఠాలు చూసేదాన్ని. ఇంగ్లీషు పాఠాలు తలకెక్కలేదు. హిందీవి మాత్రం అర్థమయ్యాయి, ఎందుకంటే ఏడేండ్లు చిచ్చా ఉర్దూ వింటూ పెరిగాను. ఆయన నోటి భాషతోనే ఆయన ప్రెస్సు నుంచి బయటికి దారి వెతుక్కున్నాను, ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు ఒక తీరుగా ఉంటుంది. పొడుగు నోటుబుక్కులో ఆ పాఠాల్లోని కోడ్ అంతా బొమ్మలు గీసినట్టు చూసి రాసుకునేదాన్ని. అర్థం అయ్యేందుకు నా సొంత పేర్లు పెట్టుకున్నాను. పేజీ అంటే పోపుల డబ్బా. పెద్ద డబ్బాలో చిన్న డబ్బాలు, దాంట్లో ఇంకా చిన్నవి. ప్రెస్సులో కొట్టిన తెలుగును తెచ్చి పేజీలో అతికిస్తే చుక్కలూ గీతలూ పిచ్చి గుర్తులూ వచ్చాయి. అక్షరాలు కొట్టడం కూడా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. రెండు పనులూ ఒక్కసారి సాగడం లేదని తెలిశాక ప్రెస్సు మానేశాను. చిచ్చా స్టూలు మాట అన్నది అప్పుడే.

మొదటి పని మా ఇంట్లోనే దొరికింది. తిమ్మాజిపేటలో ఉండే మా చిన్నాయన కూతురు శిరీష పెండ్లి కుదిరింది. పిల్లగాడు పెబ్బేరు, బెంగుళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. రెండు దిక్కులా చుట్టాలు సగం మంది బొంబాయి, పుణె, బెంగుళూరు పనుల మీద ఉన్నారు. కార్డు పంపితే చేరేలోపు వాళ్లు ఇంకో సైటుకు మారిపోతారు. "చిన్నాయనా, కార్డులు వద్దు. ఫోన్ల తెరిచి చూసెటట్టు నేను పేజీ చేస్త. యాడున్నా అందుతది" అన్నాను. చిన్నాయన నా ముఖం చూసి, "నువ్వు చేస్త అంటే నాకు ఫికర్ లేదు బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం పది రోజులు కూర్చున్నాను. నెట్ సెంటర్లో పెద్ద తెర ముందు, చిచ్చా దగ్గర నేర్చుకున్న పనితనమంతా పెట్టి చేశాను. గద్వాల చీర అంచు లాంటి అంచు వేశాను. ఎడమ దిక్కు మా వాళ్లు, కుడి దిక్కు వాళ్ల వాళ్లు. మొదటి గీత, చివరి గీత సమానం. స్కేలు పెట్టి కూడా చూశాను. పేజీని ఊళ్లన్నిటికీ పంపాం.

మరునాడు పొద్దున్నే చిన్నాయన మా గడపలో ఉన్నాడు. కండువా తీసి ముఖం తుడుచుకుంటూ, "ఏం జేసినవ్ బిడ్డా? పిల్లగాని మేనమామ బాలకిష్టయ్య ఫోన్ జేసి అంగడిల నిలవెట్టి తిట్టినట్టు తిట్టిండు. మా పేర్లు మీ కాళ్లకింద రాసిండ్రు, గిట్లయితే మేం పెండ్లికి రాం అంటుండు" అన్నాడు. "నా దగ్గర పక్కపక్కన్నే ఉన్నయి చిన్నాయనా" అన్నాను. ఆయన తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. మా వాళ్ల పేర్లు ఆరు వరుసగా ఉన్నాయి. వాళ్ల పేర్లు అసలు లేవు. వేలితో పైకి తోసి, ఇంకోసారి తోస్తే, అప్పుడు అడుగున కనిపించాయి. తెర ఇరుకైతే పక్క డబ్బా కిందికి దిగేటట్టు పాఠంలో ఒక నియమం ఉంటే, చూసి రాసుకున్నాను. అది ఏం చేస్తుందో తెలియకుండానే రాసుకున్నాను. ఏడేండ్లు కార్డులు చేసినదాన్ని. కార్డు ఎవరి చేతిలోకి పోయినా ఒకే సైజు. చేసిన చోట సరిగ్గా ఉంటే చూసే చోటా సరిగ్గానే ఉంటుందనుకున్నాను.

చిన్నాయన అటు నుంచి అటే ప్రెస్సుకు పోయి చిచ్చాను వెంటపెట్టుకొచ్చాడు. చిచ్చా తిట్టలేదు. గడప మీద కూర్చుని నెమ్మదిగా అన్నాడు. "పేర్లు నాకు ఇయ్యి బేటా. ఇయ్యాల కొట్టి ఇస్త. చేతిల కార్డు వెట్టి దండం వెడితే ఎవరైనా సల్లబడ్తరు. స్టూలు ఖాళీగనే ఉన్నది." చిన్నాయన కళ్లు నన్ను ఒప్పుకోమని బతిమాలుతున్నాయి. ఒప్పుకుంటే పెండ్లి నిలబడుతుంది. కానీ నేను మళ్లీ జన్మలో ఆ స్టూలు దిగలేనని కూడా నాకు తెలుసు. "రెండు దినాలు ఇయ్యుండ్రి. కాకపోతే నేనే వచ్చి కూసుంట, నేనే కొడ్త" అన్నాను. చిచ్చా "రెండు దినాలు" అని లేచిపోయాడు.

ముందు బాలకిష్టయ్య ముఖం చూడాలని చిన్నాయనను వెంటపెట్టుకుని పెబ్బేరు పోయాను. ఆయన పశువుల సంతలో బేరాలు కుదిర్చే మనిషి. ఆ రోజు సంత. ఎడ్లు, బర్లు, దుమ్ము, ఎండుగడ్డి, పేడ వాసన, మిర్చి బజ్జీల పొగ. భుజాన ఎర్ర తువ్వాల వేసుకుని ఒక ఎద్దు నోరు తెరిచి పండ్లు చూస్తున్నాడు. చిన్నాయన నన్ను చూపించాడు.

"నువ్వేనా పిల్లా మా పేర్లు పాతాళంల ఏసింది?"

"మామా, నా కంప్యూటర్ల మంచిగనే ఉన్నయి. నీ ఫోన్ల..."

"నీ కంప్యూటర్ చూడనీకె నేను వనపర్తి వస్తనా? నా జేబుల ఏమున్నదో అదే నాకు కనవడ్తది" అని ఎద్దు మూతి వదిలి నా వైపు తిరిగాడు. "గీ ఎద్దును చూడు. అమ్మెటోడు మంచి దిక్కే చూపిస్తడు. కొనేటోడు సుట్టు తిరుగుతడు, నడిపిచ్చి చూస్తడు, కూసోవెట్టి లేపి చూస్తడు. నువ్వు అమ్మెటోని లెక్క చూసినవ్."

పాఠాలు చెప్పినవాళ్లు ఎవరూ నాకు అంత తేటగా చెప్పలేదు. క్షమించమని అడగడానికి పోయిన నేను ఆ మాటే మరిచిపోయాను. "అయితే మామా, ఇప్పుడు నడిపిచ్చి చూస్త. ఈ సంతల ఉన్న ఫోన్లన్ని నాకు చూపియ్యి" అన్నాను. ఆయన సంతంతా వినపడేటట్టు నవ్వాడు. "ఓ నర్సింలూ, ఫోన్ తియ్యి. పిల్ల పండ్లు లెక్కవెడ్తదంట!" ఒకరి తర్వాత ఒకరు ఇచ్చారు. పగిలిన తెరలు, రబ్బరు బ్యాండు కట్టినవి, పేడ అంటినవి. ఒకతను ఇస్తూ, "మా ఆడది ఫోన్ జేస్తే ఉన్నడని చెప్పకు, లేడని చెప్పకు" అన్నాడు. ఒక దాంట్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఒక దాంట్లో అంచు పూలు పేర్ల మీద పడ్డాయి, ఒక దాంట్లో శిరీష పేరు సగమే ఉంది. పొడుగు నోటుబుక్కు తీసి, ఎడ్లబండి మీద ఆనించి, ఏ ఫోన్లో ఏం చెడిందో బొమ్మ గీసుకుంటూ పోయాను. పదిహేడు ఫోన్లు. నేను పది రోజులు మురిసిపోయిన పని ఒక్క ఫోన్లో కూడా నేను చేసినట్టు లేదు.

చెడినవి చాలావరకు ఆ సాయంత్రానికి దిద్దాను. కానీ అసలుది మిగిలిపోయింది. ఇరుకు తెర మీద రెండు వరుసలు పక్కపక్కన పట్టవు. ఎవరో ఒకరు కిందికి దిగాల్సిందే. వాళ్లను పైకి తెస్తే మా వాళ్లు కిందికి పోతారు, ఇటు నుంచి కోపం మొదలవుతుంది. మరునాడు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని, ముందున్న రొట్టె తినకుండా అవ్వకు ఇదంతా చెప్పాను. అవ్వ పిండి చరుస్తూనే వింది.

"ఎదుర్కోళ్లల్ల మనోళ్లు ఎట్ల నిలవడ్తరే?"

"ఎదురెదురుగ."

"మన దిక్కోళ్లంత అయిపోయినంక వాళ్ల దిక్కోళ్లు వస్తరా? నాయనెదురుంగ నాయన, మేనమామెదురుంగ మేనమామ. జోడికి జోడి అలుముకొని లోపలికొస్తరు. నువ్వేందో అందర్ని రెండు మందలు జేసి తోలినవ్. రొట్టె తిను, సల్లగైతుంది."

తినలేదు. రొట్టె చేతిలో పట్టుకునే నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. అప్పటిదాకా నేను రెండు నిలువు డబ్బాలు చేశాను, ఇంటికొకటి. వాటిని విప్పేశాను. జోడీకొక అడ్డం డబ్బా చేశాను. మొదటి డబ్బాలో మా చిన్నాయన, పిల్లగాని నాయన. రెండో దాంట్లో ముందు బాలకిష్టయ్య, తర్వాత శిరీష మేనమామ. మూడో దాంట్లో మళ్లీ మా దిక్కు ముందు. పెద్ద తెర అయితే ఎవరి దిక్కుకు వాళ్లు ఒదిగేటట్టు, మావి ఎడమకు, వాళ్లవి కుడికి అతుక్కోమని చెప్పాను. ఇరుకు తెర అయితే ఒకరి కింద ఒకరు దిగుతారు, కానీ జోడీ జోడీగానే దిగుతారు. మీట నొక్కాను. అంతే, ఊళ్లన్నిటిలో మారిపోయింది. వెంటనే బాలకిష్టయ్యకు ఫోన్ చేశాను. అటు నుంచి ఎద్దు గంటలు వినపడుతున్నాయి. "మూడో ఫోన్ల చూస్తున్న, ఆగు" అన్నాడు. ఇంకాసేపటికి, "నడుస్తుంది పిల్లా. కుంటుతలేదు" అన్నాడు.

చిచ్చా ఇచ్చిన రెండు దినాలు అయిపోతున్నాయి. ప్రెస్సుకు పోయి ఆయన ఫోన్లోనే పేజీ తెరిచి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, నిలబడి, బెంచీ మీద ఎవరూ లేకపోయినా, ఒక్కొక్క పేరు గట్టిగా చదివాడు. చివరిదాకా చదివి, మళ్లీ కింద నుంచి పైకి చదివాడు. "కిందికి పోయినా ఎవరూ కింద లేరు" అన్నాడు. స్టూలు సంగతి ఎత్తలేదు. చాయ్ మాత్రం తెప్పించాడు. బెంచీ మీద పెద్దమనుషులు కూర్చునే చోట కూర్చుని తాగాను.

ఇప్పుడు నేను కొల్లాపూర్ మామిడి తోటల వాళ్లకు, గద్వాల చీరల దుకాణాలకు పేజీలు చేస్తాను. నాతో ఇద్దరు ఆడపిల్లలు పని చేస్తున్నారు, పెద్ద చదువులు చదివినవాళ్లు. నేను ఎడ్లబండి మీద ఆనించి గీసుకున్న బొమ్మలు వాళ్లకు అక్కర్లేదు. ఏ తెరకు ఎలా ఒదగాలో ఇప్పుడు చాలావరకు కంప్యూటరే చూసుకుంటుంది. పని సులువైంది, నాకు సంతోషమే. పెండ్లి పిలుపులు ఇప్పుడు పాటతో, ఎగిరే పూలతో వస్తాయి, కంటికి బాగానే ఉంటాయి. కానీ బెంచీ మీద కూర్చోబెట్టి పేర్లు చదివి వినిపించేవాళ్లు ఎవరున్నారు? ఎవరి పేరు ఎక్కడ పడిందో పంపినవాళ్లకే తెలియదు. అవ్వ ఉంటే ఈ పిలుపును ఎక్కడ తడిమి చూసేదో అనుకుంటాను. ఒక్కటి మాత్రం నేను వదల్లేదు. ఎవరి పని చేసినా ఆ ఇంటికి పోయి, అక్కడ అన్నిటికన్నా పాత ఫోన్ ఏదో అడిగి తీసుకుంటాను. నాతో పని చేసే పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

చాచీ చెప్పిన పేర్లన్నీ రాసుకుని, మధ్యాహ్నానికి చిచ్చా పేజీ తయారు చేశాను. అంచు లేదు, పూలు లేవు. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు. ఇంట్లో ఉన్న వాళ్లందరినీ బెంచీ మీద కూర్చోబెట్టి పేర్లు గట్టిగా చదివాను. అందరి ఫోన్లలో చూశాను, సరిగ్గా ఉంది. "చాచీ, చిచ్చా ఫోన్ ఉన్నదా?" అని అడిగాను. ఆమె లోపలికి పోయి, బీరువాలో బట్టల మధ్య నుంచి తెచ్చింది. చార్జింగ్ ఎక్కడానికి అరగంట పట్టింది. పేజీ తెరిచాను. పైన పెద్ద అక్షరాలలో పెట్టిన ఆయన పేరు ఆ చిన్న తెరకు పట్టక, 'మొహమ్మద్ అబ్దుల్ ఖా' దగ్గర తెగిపోయింది.

చాచీ నా భుజం మీద చేయి వేసింది. "వదిలెయ్ బేటీ. ఇగ ఆ ఫోన్‌ల ఎవరు చూస్తరు?"

"జర ఆగు చాచీ" అన్నాను. బల్ల మీది బట్టలు తీసి ఆమె చేతికిచ్చి, నా సంచిలోని కంప్యూటరు అక్కడ పెట్టి, ఇన్నేండ్ల తర్వాత స్టూలెక్కి కూర్చున్నాను. గోనె కింద కేలెండర్లు కిర్రుమన్నాయి. మొదటిసారి దిద్దితే ఇంకొక్క అక్షరం వచ్చింది. రెండోసారి అక్షరాలు మరీ చిన్నవయ్యాయి, ఆయన ఒప్పుకునేవాడు కాదు. మూడోసారి దిద్ది, ఫోన్ నిలువుగా పట్టుకుని చూశాను, అడ్డంగా తిప్పి చూశాను. ఆయన పేరు తెగకుండా మొత్తం వచ్చేదాకా ఆ స్టూలు దిగలేదు.